అందరూ లెవెల్ వన్ నుంచే!

డయాబ్లో, పాత్ ఆఫ్ ఎగ్జైల్, ఎల్డెన్ రింగ్... కోట్లమంది రాత్రుళ్లు మేలుకుని ఆడే యాక్షన్ ఆర్పీజీలివి. ఈ-స్పోర్ట్స్ వేదిక మీద మాత్రం వీటికింకా సరైన చోటు దొరకలేదు. దొరకాలంటే మారాల్సింది ఆటా, పోటీయా?

2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వీడియో గేమ్స్‌కి తొలిసారి అసలు సిసలు పతకాలిచ్చారు. అంతకుముందు 2018లో జకార్తాలో జరిగింది ప్రదర్శన పోటీ మాత్రమే. హాంగ్‌ఝౌ జాబితాలో ఏడు ఆటలున్నాయి: లీగ్ ఆఫ్ లెజెండ్స్, డోటా 2, అరీనా ఆఫ్ వాలర్, డ్రీమ్ త్రీ కింగ్‌డమ్స్ 2, ఎఫ్‌సీ ఆన్‌లైన్, పబ్‌జీ మొబైల్, స్ట్రీట్ ఫైటర్ 5. ఫుట్‌బాల్ ఉంది, ఫైటింగ్ ఉంది, మన కుర్రకారుకి కొట్టినపిండి అయిన పబ్‌జీ ఉంది. యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్ మాత్రం ఒక్కటీ లేదు.

ఆదరణ లేదా అంటే బోలెడుంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఎల్డెన్ రింగ్ మూడేళ్లు తిరిగేసరికి మూడు కోట్ల కాపీలు దాటింది. డయాబ్లో 3 ఆ అంకెను 2015లోనే అందుకుంది. చైనా స్టూడియో గేమ్ సైన్స్ తయారుచేసిన బ్లాక్ మిత్: వుకాంగ్ 2024 ఆగస్టులో విడుదలైన మూడు రోజుల్లోనే కోటి కాపీలు అమ్ముడైంది. ఇంతమంది మెచ్చిన ఆట, కంటిచూపునీ చేతివేగాన్నీ లెక్కల బుర్రనీ ఒకేసారి పరీక్షించే ఆట, పోటీ వేదిక ఎక్కలేకపోతోందంటే కారణాలు వెతకాల్సిందే.

ఆ కారణాలు తెలిస్తే దారీ తెలుస్తుంది. యాక్షన్ ఆర్పీజీ ఈ-స్పోర్ట్ కాగలదు. అందుకు ఇద్దరు వీరుల్ని బరిలో ఎదురెదురుగా నిలబెట్టనక్కర్లేదు. అందర్నీ ఒకే గీత మీద, లెవెల్ వన్ దగ్గర నిలబెట్టి, ఎదగడాన్నే పోటీగా మార్చాలి. ఇప్పటికే కొన్నిచోట్ల అది జరిగింది కూడా.

కొట్టు, దక్కించుకో, ఎదుగు

ఈ ఆటలు తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఒక హీరో పాత్రలోకి దూరి, రాక్షసుల్ని చంపి, అనుభవం సంపాదించి, లెవెళ్లు పెంచుకుంటూ పోవడం. పాతకాలపు ఆర్పీజీల్లో చాలావాటిలో యుద్ధం వంతులవారీగా సాగేది. నువ్వొక దెబ్బ, నేనొక దెబ్బ. డయాబ్లోను కూడా మొదట అలాగే అనుకున్నారు. తయారీ మధ్యలో ప్రోగ్రామర్ డేవిడ్ బ్రెవిక్ దాన్ని రియల్ టైమ్‌కి మార్చారు. మౌస్ నొక్కగానే కత్తి దిగడం మొదలైంది. 1997 కొత్త సంవత్సరం వేళ మార్కెట్లోకొచ్చిన ఆ ఆటే యాక్షన్ ఆర్పీజీకి జనంలో రూపురేఖలిచ్చింది.

ఈ ఆటల ప్రాణం లూట్‌లో ఉంటుంది. రాక్షసుడు చస్తే నేల మీద కత్తో, కవచమో, ఉంగరమో రాలుతుంది. ఏది రాలుతుందో ముందు తెలియదు. దొరికిన గేర్‌తో హీరో బలపడతాడు, ఇంకా పెద్ద రాక్షసుడి మీదికి వెళతాడు, ఇంకా మంచి లూట్ దక్కుతుంది. ఏ నైపుణ్యానికి ఏ ఆయుధం జతకూర్చాలన్న ఆలోచనే 'బిల్డ్'. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నుంచి 2013లో వచ్చిన పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో అయితే హీరో ఎదుగుదల పటం మీద 1,300కు పైగా బిందువులుంటాయి. ఏ దారిన వెళ్లాలో ఆటగాడే తేల్చుకోవాలి. కత్తి తిప్పడంతో పాటు ఆ పటాన్ని చదవడం కూడా ఆటే. వారాల తరబడి కూర్చుని బిల్డ్ లెక్కలు వేసుకునేవాళ్లు ఇందుకే అంత ఇష్టంగా వేసుకుంటారు.

కుస్తీ ఎందుకు కుదరలేదు?

ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడాలన్న ఆశ మొదటినుంచీ ఉంది. డయాబ్లో తొలి రెండు భాగాల్లో ఎదుటి ఆటగాడిని చంపితే, అతని పేరు రాసి ఉన్న చెవి కిందపడేది. గెలిచినవాళ్లు దాన్ని ఏరి దాచుకునేవాళ్లు. సరదా సరదాగానే ఉండేది. పోటీగా మాత్రం నిలబడలేదు. నెలల తరబడి గేర్ పోగేసినవాడి ముందు కొత్తవాడు రెండు దెబ్బలకే నేలకూలేవాడు.

డయాబ్లో 3 ఈ ఆశను గట్టిగానే పట్టుకుంది. 2010లో తయారీ సంస్థ బ్లిజార్డ్ తన వేడుక బ్లిజ్‌కాన్ వేదిక మీద, బరిలో జట్లు తలపడే అరీనాలను చూపించింది. 2012 మేలో ఆట వచ్చింది, అరీనా రాలేదు. ఆ ఏడాది డిసెంబరులో ఆట డైరెక్టర్ జే విల్సన్, ఆ అరీనా పోటీని, అంటే టీమ్ డెత్‌మ్యాచ్‌ను పక్కనపెడుతున్నామని ప్రకటించారు. ఒకర్నొకరు చంపుకోవడం మినహా లోతు కనిపించలేదన్నది ఆ ప్రకటన సారాంశం. 2013 ఫిబ్రవరిలో నియమాలూ పాయింట్లూ లేని ఉత్త కొట్లాట మైదానం ఒకటి ఇచ్చి సరిపెట్టారు.

వాళ్ల నిర్ణయం సబబే. రాక్షసుల గుంపును ఒక్క ఊపులో ఊడ్చేయడం కోసం తయారైన శక్తులివి. వాటిని మనిషి మీద ప్రయోగిస్తే యుద్ధం అరసెకనులో ముగుస్తుంది. మనిషి మీద సమంగా ఉండేలా తగ్గిస్తే రాక్షసుల మీద చప్పబడిపోతాయి. కొరియాలో ఎన్‌సీసాఫ్ట్ తన బ్లేడ్ అండ్ సోల్‌తో ప్రపంచ చాంపియన్‌షిప్‌లు నడిపింది. అక్కడ బరిలో దిగాక అందరి గేర్‌నూ సమానం చేసేశారు. పోటీ రక్తి కట్టింది. కాకపోతే అది ఫైటింగ్ గేమ్‌కు దగ్గరైంది. సంపాదించి ఎదిగే ఆనందం బరి బయటే ఉండిపోయింది.

మూడు చిక్కుముళ్లు

యాక్షన్ ఆర్పీజీకీ క్రీడకీ మధ్య అడ్డంగా ఉన్నవి మూడు. మొదటిది కాలం. ఎక్కువ గంటలు కూర్చున్నవాడికి ఎక్కువ బలం వస్తుంది. డయాబ్లో 3లో 2014 నుంచి గ్రేటర్ రిఫ్ట్‌లు వచ్చాయి. పదిహేను నిమిషాల్లో గుహలోని రాక్షసుల్ని చంపి, చివరి కాపలాదారును పడగొట్టాలి. గెలిస్తే ఇంకాస్త కష్టమైన మెట్టు. లీడర్‌బోర్డు ఉంది, సీజన్లున్నాయి, చూడ్డానికి పోటీలాగే ఉంది. అయితే ఆ ఆటలో గరిష్ఠ లెవెల్ తర్వాత పెరిగే పారగాన్ లెవెళ్లకు హద్దు లేదు. రోజుకు పద్నాలుగు గంటలు ఆడేవాడి హీరో, చేతివాటంలో అతనికి తీసిపోనివాడి హీరోను బలంతోనే దాటేస్తాడు. బోర్డు మీద పైనున్న పేరు నైపుణ్యానిదా, ఓపికదా అన్నది తేలదు.

రెండోది అదృష్టం. రిఫ్ట్ తెరిచిన ప్రతిసారీ గుహ మారుతుంది, రాక్షసులు మారతారు. తమ బిల్డ్‌కి అనువైన గుహ పడేదాకా తెరుస్తూ మూస్తూ కూర్చోవడానికి ఆటగాళ్లు 'ఫిషింగ్' అని పేరు పెట్టుకున్నారు. గాలం వేసి కూర్చున్నట్టు గంటలు గడిచిపోయేవి. ఆ కూర్చోవడంలో నేర్పు కంటే నిరీక్షణే ఎక్కువ.

మూడోది చూపు. ఫుట్‌బాల్ తెలియనివాళ్లకి కూడా బంతి వలలో పడితే గోల్ అని అర్థమవుతుంది. పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఆఖరి దశల్లో తెరంతా మంటలు, మెరుపులు, మంచుపొగ. హీరో ఎక్కడున్నాడో ఆడేవాడికే కష్టంగా తెలుస్తుంది. ఇక చూసేవాడికేం తెలుస్తుంది? ఎవరు ముందున్నారో, ఏ క్షణంలో ఆట మలుపు తిరిగిందో కంటికి కనిపించకపోతే ప్రేక్షకుడు నిలవడు. ప్రేక్షకుడు నిలవని చోట ఈ-స్పోర్ట్ నిలవదు.

డోటా చెప్పిన పాఠం

హాంగ్‌ఝౌ జాబితాను ఇంకోసారి చూడండి. ఏడింటిలో నాలుగు ఆటలు ఒకే కోవవి: లీగ్ ఆఫ్ లెజెండ్స్, డోటా 2, అరీనా ఆఫ్ వాలర్, డ్రీమ్ త్రీ కింగ్‌డమ్స్ 2. వీటిని మోబా అంటారు. ఈ మోబాలన్నిటి ఎముకల గూడు ఆర్పీజీదే. హీరో ఉంటాడు, అనుభవం ఉంటుంది, లెవెళ్లుంటాయి, బంగారంతో కొనుక్కునే ఆయుధాలుంటాయి. బిల్డ్ కూడా ఉంటుంది.

వీటి మూలం 2002లో బ్లిజార్డ్ తెచ్చిన వార్‌క్రాఫ్ట్ 3. వ్యూహాల ఆటలో లెవెళ్లు పెరిగే హీరోలను పెట్టారు. అభిమానులు దాని మీద సొంతంగా అల్లుకున్న మ్యాప్ డోటా. 2011లో జర్మనీలోని కొలోన్‌లో వాల్వ్ సంస్థ డోటా 2కి తొలి 'ఇంటర్నేషనల్' నిర్వహించి, గెలిచిన ఉక్రెయిన్ జట్టు నాటస్ విన్సెరేకి పది లక్షల డాలర్లిచ్చింది. 2021లో బుకారెస్ట్‌లో జరిగిన పోటీకి బహుమతి మొత్తం నాలుగు కోట్ల డాలర్లు దాటింది.

ఆర్పీజీ ఎముకలున్న ఆట ఇంత పెద్ద క్రీడ ఎలా అయింది? మ్యాచ్ మొదలైన ప్రతిసారీ అందరూ లెవెల్ వన్‌కి వచ్చేస్తారు. నిన్నటి మ్యాచ్‌లో సంపాదించిన కత్తి నేడు లేదు. ఎదుగుదలంతా సుమారు నలభై నిమిషాల్లో, ప్రేక్షకుడి కళ్లముందే జరిగిపోతుంది. ఎవరు త్వరగా ఎదుగుతున్నారో తెర పైభాగంలో అంకెలు చెబుతూనే ఉంటాయి. కాలం చిక్కుముడి విడిపోయింది, చూపు చిక్కుముడి కూడా చాలావరకు విడిపోయింది. హీరో ఎదగడాన్ని డోటా తీసేయలేదు, కుదించింది. యాక్షన్ ఆర్పీజీ నేర్చుకోవాల్సిన పాఠం ఇదే.

ఎల్డెన్ రింగ్ తయారుచేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2025 మేలో తెచ్చిన నైట్‌రెయిన్‌లో ఈ పాఠం ఛాయలు కనిపిస్తాయి. ముగ్గురు ఆటగాళ్లు లెవెల్ వన్ నుంచి బయల్దేరతారు. చుట్టూ ముంచుకొచ్చే వలయం పబ్‌జీని గుర్తుచేస్తుంది. ముప్పావు గంట అటూ ఇటూగా మూడో రోజు చివరి బాస్‌తో తలపడతారు. వంద గంటల ప్రయాణాన్ని ఒక మ్యాచ్ నిడివికి తేవచ్చని పెద్ద స్టూడియో ఒకటి చేసి చూపింది.

గంటలో తేలే పరుగు

ఇప్పుడు అసలు సిసలు యాక్షన్ ఆర్పీజీలో ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో దగ్గర్నుంచి చూద్దాం. పాత్ ఆఫ్ ఎగ్జైల్ బీటా రోజుల నుంచే దాని తయారీ సంస్థ 'రేస్'లు పెట్టేది. కొన్ని నిమిషాల పోటీల నుంచి వారం రోజుల పోటీల దాకా ఉండేవి. వాటిలో గంట రేస్ ముచ్చటైనది.

గడియారం మోగగానే వందలమంది ఒకే ఒడ్డున, ఓడ నుంచి కొట్టుకొచ్చిన హీరోగా కళ్లు తెరుస్తారు. చేతిలో ఒక్క ఆయుధం, ఒక్క నైపుణ్యపు రాయి. ఒడ్డు చివర హిల్లాక్ అనే భారీకాయుడు కాపలా. వాడిని దాటాకే మొదటి ఊరు, లయనైస్ వాచ్. కొత్తవాళ్లకి ఇదే ఐదు నిమిషాల పని. రేసర్లు దారిలో కనిపించిన ప్రతి రాక్షసుడినీ చంపరు. ఎంతమందిని చంపితే తర్వాతి ప్రాంతానికి సరిపడా లెవెల్ వస్తుందో వాళ్లకి లెక్క తెలుసు. మిగతావాళ్లను తప్పించుకుని పరుగెడతారు.

ఊరు దాటాక నిర్ణయాలు మొదలవుతాయి. పక్కనే ఉన్న టైడల్ ఐలాండ్‌కి వెళ్లి, హెయిల్‌రేక్‌ను చంపి, మందుల పెట్టె తెచ్చిస్తే కాసేపు వేగంగా పరుగెత్తించే ఫ్లాస్క్ బహుమతి. వెళ్లి రావడానికి సమయం ఖర్చు, వచ్చాక ప్రయాణమంతా ఆదా. ఆట మొదటి అంకం చివర గుహలో మెర్వెయిల్ అనే బాస్ ఉంటుంది. ఆమె దెబ్బల్లో చలి ఎక్కువ. చలిని తట్టుకునే నీలపు ఉంగరం సంపాదించి పెట్టుకోవాలా, ఆ సమయంలో ఇంకొక లెవెల్ ఎక్కాలా? ఉంగరం లేకుండా వెళ్లినవాడు నిమిషం ముందు గెలవొచ్చు, ఒక్క దెబ్బకు పోవొచ్చు కూడా. పోయాడంటే రేస్ అయిపోయినట్టే. యాభై ఐదో నిమిషంలో ముందున్నవాడు, ఇంకొక లెవెల్ కోసం ఆశపడి చచ్చిపోయి జాబితాలో జారిపోవడం ఈ పోటీల్లో మామూలే.

ఇక్కడ లూట్ ఉంది, బిల్డ్ ఉంది, ఎదుగుదల ఉంది. ఆర్పీజీ ఆత్మ ఏమాత్రం చెడలేదు. మొదటి గంట కాబట్టి తెర మీద మెరుపుల గందరగోళం కూడా తక్కువే. ఒకరి మీద ఒకరు చెయ్యి వేయకుండానే పోటీ నరాలు తెగేంత ఉత్కంఠగా ఉంటుంది. సంస్థ నడిపిన అధికారిక రేస్ సీజన్లు తర్వాత ఆగిపోయినా, అభిమానులూ స్ట్రీమర్లూ 'గాంట్లెట్' వంటి పోటీలతో ఆ దీపం ఆరకుండా చూసుకున్నారు.

ఒకే గుహ, ఒకే హీరో

అదృష్టం చిక్కుముడికి కూడా విరుగుళ్లు దొరికాయి. 2017లో డయాబ్లో 3కి చాలెంజ్ రిఫ్ట్‌లు వచ్చాయి. ఎవరో ఒక ఆటగాడు ఆడిన రిఫ్ట్‌ను ఉన్నదున్నట్టు ఫొటో తీసినట్టు పట్టి, వారం రోజులపాటు అందరికీ అదే ఇస్తారు. అదే హీరో, అదే గేర్, అదే గుహ, అవే రాక్షసులు. తేడా వస్తే ఆడేవాళ్ల చేతుల్లోనే రావాలి. నీ సొంత బిల్డ్ కాదన్న లోటు ఉన్నమాట నిజమే. పోటీకి కావాల్సిన న్యాయం మాత్రం ఇందులో పూర్తిగా ఉంది.

దీనికంటే ఒక అడుగు ముందుకేసింది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. యాక్షన్ ఆర్పీజీకి అది దగ్గరి చుట్టం. 2017లో మొదలైన మిథిక్ డంజన్ పోటీల్లో ఐదుగురేసి ఉన్న రెండు జట్లు ఒకే డంజన్‌లోకి ఒకేసారి దిగుతాయి. ఎవరి డంజన్ వాళ్లదే, ఒకరికొకరు కనిపించరు. ముందు ముగించినవాళ్లది గెలుపు. పోటీ కోసం వేరే సర్వర్ ఉంటుంది, అందులో గేర్ అంతా అందరికీ అందుబాటులో పెడతారు. నెలల తరబడి పోగేయనక్కర్లేదు. ఏది ఎంచుకున్నారన్నదే ముఖ్యం. హీరో చచ్చిన ప్రతిసారీ కొన్ని సెకన్లు జరిమానా పడుతుంది. తెరను రెండుగా చీల్చి రెండు జట్లనూ పక్కపక్కనే చూపిస్తారు. ఏ జట్టు ఎంత శాతం పూర్తిచేసిందో కింద కనిపిస్తుంది. ఆట ఒక్క ముక్క తెలియనివాళ్లు కూడా ఎవరు ముందున్నారో చెప్పగలరు.

జపాన్‌లో క్యాప్‌కామ్ సంస్థ పీఎస్‌పీ రోజుల నుంచే మాన్‌స్టర్ హంటర్ వేట పోటీలు ప్రేక్షకుల ముందు పెడుతోంది. ఒకే మృగం, ఒకే వేట, తక్కువ సమయంలో పడగొట్టినవాళ్లు విజేతలు. వేటగాళ్ల చేతుల్లోని చిన్న యంత్రాల మీది ఆటను పెద్ద తెర మీద చూస్తూ జనం కేకలేసేవాళ్లు. ఇన్ని దేశాల్లో, ఇన్ని తీరుల్లో తిరిగి తిరిగి ఒకే జవాబు వస్తోందంటే అది యాదృచ్ఛికం కాదు. ఆర్పీజీకి సహజమైన క్రీడారూపం పరుగు.

బింగోతో కొత్త బాట

ఎల్డెన్ రింగ్ అభిమానులు ఎంచుకున్న మార్గం అన్నిటికంటే తెలివైనది. ఉత్త వేగమే కొలమానమైతే ఆ ఆటలోని లొసుగులు వాడుకుని, విడుదలైన కొన్ని వారాల్లోనే ఏడు నిమిషాల్లోపు ముగించేశారు. అబ్బురమే, కానీ ఆటలో తొంభై తొమ్మిది పాళ్లు కనిపించకుండా పోయాయి. అందుకే 'లాకౌట్ బింగో' వైపు మళ్లారు.

స్కూల్లో ఆఖరి బెంచీలో నోటుబుక్కు మీద ఇరవై ఐదు గళ్లు గీసి బింగో ఆడినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇక్కడ గళ్లలో అంకెల బదులు పనులుంటాయి. ఫలానా బాస్‌ను చంపాలి, ఫలానా ఆయుధం తేవాలి, ఫలానా కోటలో దీపం వెలిగించాలి. ఇద్దరు ఆటగాళ్లకీ ఒకే పట్టిక, ఇద్దరికీ ఆరంభం ఒకటే. ఒక పని ఎవరు ముందు పూర్తిచేస్తే ఆ గడి వాళ్ల రంగులోకి మారుతుంది, రెండోవాళ్లకి తాళం పడినట్టే. పదమూడు గళ్లు ముందు దక్కించుకున్నవాళ్లదే గెలుపు. వరస నింపినా గెలుపిచ్చే పోటీలూ ఉన్నాయి.

ఈ చిన్న పట్టిక చూపు చిక్కుముడిని విప్పేసింది. తెర పక్కన రంగులు నిండుతుంటే పోటీ ఎటు పోతోందో పసివాడికైనా తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఒకర్నొకరు తాకకుండానే ఇద్దరి మధ్యా ఎత్తుకు పైఎత్తులు మొదలయ్యాయి. అవతలివాడు ఉత్తరం కోట వైపు వెళ్తున్నాడని తెలిస్తే, నేను ఆ పని వదిలేసి దక్షిణాన రెండు గళ్లు కొట్టేయాలా? పట్టిక ప్రతిసారీ మారుతుంది కాబట్టి బట్టీ కొట్టిన దారి పనికిరాదు. ఆట మొత్తం తెలిసినవాడే నెగ్గుతాడు. పెద్ద సంస్థల పెట్టుబడి లేకుండా, ఆట మీది ప్రేమతో సాధారణ అభిమానులు సాధించిన విజయం ఇది.

డబ్బు చొరబడితే

ఇంత మంచి బాటను చెడగొట్టగల శక్తి ఒక్కటే, డబ్బుతో బలం అమ్మడం. డయాబ్లో 3 తొలి రోజుల్లో ఆటలోని ఆయుధాలను నిజమైన డబ్బుకు అమ్ముకునే వేలంశాల ఉండేది. ఆట ఆనందాన్ని అది దెబ్బతీస్తోందని గ్రహించి 2014 మార్చిలో మూసేశారు. 2022లో ఫోన్లకి వచ్చిన డయాబ్లో ఇమ్మోర్టల్ మీద కూడా డబ్బు పోసినవాడికే బలమన్న విమర్శ ప్రపంచమంతా వెల్లువెత్తింది. ఫోన్ మీద ఎంతోమంది ఆడే గెన్షిన్ ఇంపాక్ట్‌లో గడియారంతో పోటీపడే స్పైరల్ అబిస్ గట్టి పరీక్షే. కానీ అందులోకి దిగే హీరోల్లో చాలామంది లాటరీ తీరున చేతికొస్తారు. అలాంటి ఆటలో ఫలితాన్ని నైపుణ్యానికి కొలతగా తీసుకోలేం.

ఇది మన దేశంలో ఇప్పుడు చట్టం మాట కూడా. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని విడిగా గుర్తించింది. చేతి నేర్పు, బుద్ధి చురుకు, వ్యూహం వంటి నైపుణ్యాలే ఫలితాన్ని నిర్ణయించాలి. ప్రవేశ రుసుము ఉండొచ్చు, గెలిచినవారికి బహుమతి ఉండొచ్చు, పందెం కాయడం మాత్రం కుదరదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదం మీద సొంత చట్టసవరణలు తెచ్చాయి. రమ్మీ యాప్‌ల వల్ల అప్పులపాలైన కుటుంబాల బాధ మనకు తెలియంది కాదు. ఆ భయంతో కొందరు తల్లిదండ్రులు అన్ని ఆటల్నీ ఒకే గాటన కట్టేస్తారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం. అందుకే ఆర్పీజీ పోటీ పెట్టేవాళ్లు అదృష్టాన్నీ డబ్బునీ బయట నిలబెట్టి, నైపుణ్యాన్నే లోపలికి రానివ్వాలి. అందరికీ ఒకే గుహ, ఒకే లూట్ అమరిక ఇవ్వడం సాంకేతికంగా సాధ్యమేనని చాలెంజ్ రిఫ్ట్ ఎప్పుడో రుజువుచేసింది.

పోటీ పెట్టేవాళ్లకి ఐదు సూత్రాలు

ఒకటి: అందరూ లెవెల్ వన్ నుంచే బయల్దేరాలి. పాత గేర్, పాత లెవెళ్లు చెల్లవు.
రెండు: గంటలోపు తేలిపోవాలి. అంతకు మించితే ప్రేక్షకుడు ఉండడు.
మూడు: మ్యాప్, లూట్ అమరిక అందరికీ ఒకటే. మ్యాచ్ మారితే అమరిక మారాలి.
నాలుగు: ఎవరు ముందున్నారో ఒక్క చూపులో తెలియాలి. శాతమో, గళ్లో, గడియారమో తెర మీద ఉండి తీరాలి.
ఐదు: డబ్బుతో కొనే బలం ఏదీ పోటీలోకి రాకూడదు.

మన దగ్గర మొదలుపెట్టగలమా?

ఇబ్బందులున్నాయి. మన దగ్గర ఈ-స్పోర్ట్స్ అంటే ఫోన్, ఫోన్ అంటే పబ్‌జీకి మన దేశపు రూపమైన బీజీఎంఐ, ఫ్రీ ఫైర్. యాక్షన్ ఆర్పీజీలు చాలావరకు కంప్యూటర్ లేదా కన్సోల్ కోరతాయి. సర్వర్ దూరమైతే కనెక్షన్ వెనకబడుతుంది. ఒక్క ప్రాణం ఉన్న హార్డ్‌కోర్ హీరోకి అది ప్రాణాంతకం. 2023లో డయాబ్లో 4 వచ్చినప్పుడు హార్డ్‌కోర్‌లో 100వ లెవెల్ అందుకున్న తొలి వెయ్యిమంది పేర్లు ఆటలోని ప్రతినాయిక లిలిత్ విగ్రహం మీద చెక్కిస్తామని బ్లిజార్డ్ ప్రకటించింది. అందరికంటే ముందు ఆ లెవెల్ అందుకున్న హీరో, ఆ తర్వాత కనెక్షన్ తెగిపోవడం వల్లే చనిపోయాడు. పోటీలో అలాంటిది జరిగితే ఆటగాడి శ్రమంతా బూడిదే. కాబట్టి తొలి పోటీలు ఒకే గదిలో, ఒకే నెట్‌వర్క్ మీద జరగడం మేలు.

అనుకూలతలూ తక్కువేం కాదు. పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఉచితం. ఎదుటివాడిని కాల్చి చంపాల్సిన పనిలేని పోటీ కాబట్టి ఇళ్లలో అభ్యంతరమూ తక్కువే. ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో కంప్యూటర్లున్నాయి, ఏటా టెక్ ఫెస్టులున్నాయి. డ్రీమ్‌హ్యాక్ వంటి అంతర్జాతీయ గేమింగ్ వేడుక 2022లో హైదరాబాద్ హైటెక్స్‌కే వచ్చింది. క్రికెట్‌కీ కబడ్డీకీ తెలుగు కామెంటరీ ఇళ్లలో ఎంత ఉత్సాహం నింపిందో మనం చూశాం. టైడల్ ఐలాండ్ వైపు తిరగాలా వద్దా అన్న క్షణాన్ని తెలుగులో పలికించే గొంతు ఒకటి దొరికితే, ఆట తెలియని అమ్మానాన్నలు కూడా తెర ముందు కూర్చుంటారు.

యాక్షన్ ఆర్పీజీ డోటా అంత పెద్ద స్టేడియాలు నింపకపోవచ్చు. కుడికీ ఎడమకీ రెండు జట్లు ఢీకొనే ఊపు పరుగు పోటీలో రాదని ఒప్పుకోవాలి. సీజన్‌కొకసారి శక్తులన్నీ మార్చేసే స్టూడియోలు పోటీ కోసం కొంత నిలకడ చూపాల్సి ఉంటుంది. ఇవన్నీ ఉన్నా, ఎదగడం అనే అనుభవాన్ని గంటలో కళ్లకు కట్టగల ఆట ఇంకొకటి లేదు. క్రీడ అనిపించుకోవడానికి కావాల్సిన సమాన ఆరంభం, నైపుణ్యం, ఉత్కంఠ మూడూ ఇందులో పెట్టవచ్చని పాత్ ఆఫ్ ఎగ్జైల్ రేసులు, మిథిక్ డంజన్లు, ఎల్డెన్ రింగ్ బింగో ఇప్పటికే చూపించాయి.

కాలేజీల గేమింగ్ క్లబ్బులకి మా మనవి ఒక్కటే. వచ్చే ఫెస్టులో బీజీఎంఐ పక్కన ఒక గంట ఆర్పీజీ రేస్ కూడా పెట్టండి. ఉచిత ఆట, ఇరవై కంప్యూటర్లు, ఒక పెద్ద తెర, ఆట తెలిసిన ఒక తెలుగు వ్యాఖ్యాత ఉంటే చాలు. ప్రవేశ రుసుము తీసుకుంటే నిబంధనలు ముందే గోడ మీద రాసిపెట్టండి. అందర్నీ లెవెల్ వన్ దగ్గర నిలబెట్టి గడియారం మొదలుపెట్టండి. ఇది క్రీడో కాదో ఆ గంట పూర్తయ్యాక ప్రేక్షకులే చెబుతారు.